నౌపడ తంపర నేలకు బయోచార్, మైకోరైజా పనికొస్తాయా?

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమళ్ల దాపున ఉన్న చౌడు తంపర (నీరు నిలిచే పల్లపు) నేలలో బయోచార్, వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రం కలిపితే ఫలితం ఉంటుందా అని అడిగారు. ఉంటుంది, కానీ నీరు నిలిచే తీరును బట్టి. ఊకనో సరుగుడు కొమ్మలనో గాలి అందీ అందకుండా సుమారు 400–500 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చగా మిగిలే బయోచార్, తన సూక్ష్మరంధ్రాలతో నేలను గుల్లబరచి, వాననీటితో ఉప్పు కిందికి కడుక్కుపోయేందుకు దారి ఇస్తుంది. పొయ్యి బూడిదను ఇదే అనుకొని చల్లేవారున్నారు; అది ఉప్పును, క్షారగుణాన్ని పెంచుతుంది. మైకోరైజా పోగులు వేరు చేరలేని చోటి భాస్వరాన్ని మొక్కకు అందిస్తాయి. అయితే వాటికి ప్రాణవాయువు అవసరం కనుక, ఎప్పుడూ నీరు నిలిచే పల్లంలో కాక, గట్ల మీద, సరుగుడు నారుమడిలో వాడటమే మేలు. ఉదజని సూచిక (pH) 8.5 దాటిన మట్టికి ముందు జిప్సం వేయాలి, బయోచార్ ఆ తరువాతే.