లైటు ఆరిపోయిందని వదిలేయకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. సెకండ్ హ్యాండ్ కారు కొని రెండు నెలలు తిరక్కుండానే మీటర్ బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగి, ఎమిషన్ సిస్టమ్‌లో, అంటే పొగను శుద్ధి చేసే ఏర్పాటులో, లోపం ఉందని మెసేజ్ వస్తోందనీ, నాలుగు రోజులుండి దానంతటదే పోతోందనీ రాశావు. షెడ్డుకి తీసుకెళ్తే “ఇప్పుడు లైటు లేదు కదా, వచ్చినప్పుడు తీసుకురండి” అని పంపేస్తున్నారట. అమ్మినాయన మోసం చేశాడేమోనన్న దిగులు కూడా నీ మాటల్లో కనబడింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు ఒక పని మానెయ్. కొన్నిసార్లు అది పోయేదాకా ఆగకుండా స్నేహితుడి స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టి చెరిపేస్తున్నానన్నావు చూడు, అది ఇక చెయ్యకు. బ్యాటరీ వైరు తీసి పెట్టడమూ వద్దు.

ఎందుకు వద్దంటున్నానో విను. కారులోని కంప్యూటర్ లోపాన్ని పట్టుకున్నప్పుడు ఆ లోపానికున్న నంబరు, అంటే కోడ్, ఒక్కటే రాసుకుని ఊరుకోదు. ఆ క్షణాన ఇంజిన్ ఎన్ని ఆర్‌పీఎంలో ఉంది, ఎంత వేడెక్కింది, బండి ఏ స్పీడులో పోతోంది, ఇంజిన్ మీద ఎంత లోడు పడుతోంది, అన్నీ కలిపి దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వచ్చి పోయే లోపానికి అంతకు మించిన సాక్ష్యం లేదు. కోడ్ చెరిపితే అదీ పోతుంది. దొంగ పడిన ఇంట్లో అడుగుల జాడల్ని మనమే చీపురు పెట్టి ఊడ్చినట్టు.

“లైటు లేదు కాబట్టి ఏమీ లేదు” అన్నవాళ్ల మాట కూడా తప్పే. ఈ లోపాల్లో చాలావాటికి మొదటిసారి కనబడగానే లైటు వెలగదు. కంప్యూటర్ దాన్ని పెండింగ్ కోడ్‌గా పెట్టుకుంటుంది. తర్వాతి ట్రిప్పులో (స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక ట్రిప్పు) మళ్లీ కనబడితే అప్పుడు లైటు వేస్తుంది. ఆపైన వరసగా మూడు ట్రిప్పుల్లో ఆ పరీక్ష నెగ్గితే లైటు ఆర్పేస్తుంది. ఆర్పినా కోడ్ మాత్రం లోపలే ఉంటుంది. ఇంజిన్ చల్లబడి మళ్లీ పూర్తిగా వేడెక్కడం ఇంచుమించు 40 సార్లు జరిగాక గానీ పోదు. నీ లైటు నాలుగు రోజులకు ఆరిపోవడంలో వింతేమీ లేదు, లెక్క ప్రకారం అది చేసే పనే. కాబట్టి షెడ్డులో అడగాల్సింది లైటు ఉందా లేదా అని కాదు. “మెమరీలో ఉన్న కోడ్‌లు, పెండింగ్ కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్ చూసి చెప్పండి” అని అడుగు. ఆ స్క్రీన్‌ను ఫోన్‌లో ఫోటో తీసుకో.

ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. ఇంజిన్ లైటు నిలకడగా కాకుండా మిణుకు మిణుకుమని కొట్టుకుంటూ, ఇంజిన్ కుదుపుతో మిస్సింగ్ కొడుతుంటే యాక్సిలరేటర్ మీద కాలు తీసి, మెల్లగా భద్రమైన చోట పక్కకు ఆపి, ఇంజిన్ కట్టెయ్. సిలిండర్‌లో కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలో ఉన్న క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. అందులో తేనెపట్టులాంటి గళ్ల పింగాణీ దిమ్మ, దాని మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉంటాయి. ఆ వేడికి గళ్లు కరిగి మూసుకుపోతాయి. స్పార్క్ ప్లగ్గుకు కరెంటిచ్చే ఒక కాయిల్ మార్చాల్సిన చోట కన్వర్టర్ కూడా కొనాల్సి వస్తుంది. అలా జరిగితే తోలుకుని ఇంటికి రావద్దు, బండిని లాగించుకో.

ఇక అసలు పని. కారులో ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టు. మెసేజ్ వచ్చిన ప్రతిసారీ, బండి ఆపాక, రాయి: తేదీ, స్టార్ట్ చేసి ఎంతసేపైంది, ఇంజిన్ చల్లగా ఉందా కాగి ఉందా, స్పీడు, ఎత్తు ఎక్కుతున్నావా, ఏసీ వేశావా, ట్యాంకులో పెట్రోలు ఎంతుంది, ఎప్పుడు పోయించావు, వాన పడిందా, కుదుపు గానీ పెట్రోలు వాసన గానీ వచ్చిందా. నాలుగైదు సార్లు రాసేసరికి ఒక వరస కనబడుతుంది. పెట్రోలు పోయించిన మర్నాడో ఆ మర్నాడో వస్తుంటే ట్యాంకు మూత రబ్బరు వాషరు, పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌లోకి పంపే వాల్వు చూడాలి. వానలోనూ, బండి కడిగాకా వస్తుంటే కాయిళ్ల దగ్గర, కనెక్టర్లలో తేమ. పొద్దున్నే చల్లని ఇంజిన్ మీద మాత్రమే వస్తుంటే ఎండిపోయిన రబ్బరు పైపో, ఇంజిన్‌లోకి గాలి పోయే దారిలోని జాయింటు ప్యాకింగో (ఇన్‌టేక్ గాస్కెట్) గాలి పీలుస్తూ, వేడెక్కాక సర్దుకుంటోందని నా మొదటి అనుమానం.

కోడ్ చూడగానే పార్టు కొనే తొందర వద్దు. కోడ్ చెప్పేది ఏ పరీక్ష తప్పిందో, ఏ పార్టు పోయిందో కాదు. పీ0171 వచ్చిందనుకో, పెట్రోలుకు తగ్గ మోతాదు కన్నా గాలి ఎక్కువైందని అర్థం. చాలామంది పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు. పాపం అది ఉన్నమాట చెప్పింది, చెప్పినవాణ్ని పీకేస్తే గాలి లీకు పోతుందా? పొగ పంపే యంత్రంతో లీకు పరీక్ష చేయించు, లోపలికి పోయే గాలిని కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సార్ మురికి పట్టిందేమో, పెట్రోలు పంపు ప్రెషర్ సరిపోతోందో లేదో చూడమను. పీ0420 అయితే కన్వర్టర్ పని తగ్గిందని కంప్యూటర్ అనుమానం. కన్వర్టర్‌కు ముందొకటి, వెనకొకటి ఆక్సిజన్ సెన్సార్లు ఉంటాయి. ఇంజిన్ వేడెక్కాక ఆ ముందు సెన్సార్ వోల్టేజీ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. వెనక సెన్సార్ నిలకడగా ఉండాలి. వెనకది కూడా ముందుదానితో పాటు ఊగుతుంటే కోడ్ వస్తుంది. అయితే సైలెన్సర్ పైపు జాయింటు దగ్గర చిన్న చిల్లున్నా బయటి గాలి లోపలికి చేరి ఇదే లెక్క తప్పిస్తుంది. కన్వర్టర్ కొనే ముందు ఆ జాయింట్లు చూడనివాడి మాట వినకు. (కొన్ని కార్లలో ముందు సెన్సార్ వేరే రకం, ఈ వోల్టేజీలు దానికి వర్తించవు. మీ మెకానిక్‌ను అడుగు.)

నా షెడ్డుకి వచ్చిన ఒక బండి సంగతి చెప్పాలి. ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్ కోడ్, నెలకు రెండు మూడు సార్లు. నా దగ్గరికి వచ్చేలోపే రెండు కొత్త సెన్సార్లు మారాయి. నేనూ మొదటి రోజు ఏమీ పట్టుకోలేకపోయాను. ఆ బండి యజమానికీ నీకు చెప్పినట్టే నోట్‌బుక్ చెప్పాను. మూడు వారాలకు తెచ్చాడు. ప్రతిసారీ ఒకటే: ఇంటి ముందు ఎత్తు మీదికి రివర్స్‌లో ఎక్కించాకే వచ్చింది. రివర్స్‌లో లోడు పడితే ఇంజిన్ మామూలుగా ఒరిగే వైపు కాకుండా దానికి ఎదురు వైపు ఒరుగుతుంది. టార్చి వేసి సెన్సార్ వైరు వెంబడి వేలితో తడుముకుంటూ పోయాను. ఒక ఇనప బ్రాకెట్ అంచు దగ్గర వేలికి గరుకు తగిలింది. పైతొడుగు గోరంత మేర అరిగి, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. అతికి, తొడుగు వేసి, వైరును అంచుకు దూరంగా కట్టాను. మళ్లీ రాలేదు.

అందుకే, నీ కారుకి డబ్బు పెట్టే ముందు ఖర్చు లేనివి చూడమను. బ్యాటరీ టెర్మినళ్లు బిగుతుగా ఉన్నాయా, ఇంజిన్ నుంచి బాడీకి పోయే ఎర్త్ వైరు తుప్పు పట్టిందా, కనెక్టర్ల క్లిప్పులు విరిగాయా, వైర్లు ఎక్కడైనా ఒరుసుకుంటున్నాయా. పాత కార్లలో ఎవరో ఎప్పుడో విప్పి సరిగా పెట్టని క్లిప్పు ఒకటి తప్పకుండా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా వైర్లు కదిపి చూడటం మెకానిక్‌కు వదిలెయ్. ఫ్యాను, బెల్టు, కాలే పైపుల మధ్య నువ్వు చెయ్యి పెట్టకు.

కన్వర్టర్ లోపలిది పొడిచి తీసేస్తామనీ, వెనక సెన్సార్‌కు అడ్డు ముక్క పెట్టి మెసేజ్ రాకుండా చేస్తామనీ చెప్పేవాళ్లు తగులుతారు. ఒప్పుకోకు. కార్బన్ మోనాక్సైడ్‌ను, నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేది ఆ దిమ్మే. నీ వెనక నడిచిపోయే పసిపిల్లలు పీల్చేది ఆ గాలే. ఈ మాట మీద నాకు పట్టుదల ఉంది.

అమ్మినాయన సంగతి. కోడ్‌లు చెరిపినప్పుడు కంప్యూటర్ సొంతంగా చేసుకునే పరీక్షలన్నీ ‘పూర్తి కాలేదు’ అన్న స్థితికి వెళ్తాయి. చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా కార్లు చెబుతాయి. కొన్నరోజున చూసి ఉంటే తెలిసేది. ఈలోగా నువ్వే చెరిపావు కాబట్టి ఇప్పుడు ఆయన్ని అనుమానించి లాభం లేదు, తెలియకపోయినా ఉండొచ్చు. ఈసారి కొనేటప్పుడు తాళం తిప్పగానే, స్టార్ట్ చేయకముందు, ఇంజిన్ లైటు వెలుగుతుందో లేదో చూడు. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని దాచారేమోనని అనుమానించు.

రిపేరయ్యాక కోడ్ చెరిపించి వెంటనే నమ్మెయ్యకు. నీ నోట్‌బుక్‌లో ఏ పరిస్థితిలో మెసేజ్ వచ్చిందని ఉందో అదే పరిస్థితిలో నడుపు. ఆ పరీక్షలన్నీ ‘పూర్తి’ అని చూపించాలి, పెండింగ్‌లో ఏదీ ఉండకూడదు. అప్పుడు అయినట్టు.

ఈ ఆదివారం లోపు కోడ్ చదివించి, అక్షరంతో సహా పూర్తి నంబరు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో నాకు పంపు. అవి చూసేదాకా ఏ పార్టూ కొనకు.

ఇట్లు,
మావయ్య