పెయింటింగ్ వెనకవైపు ఏముంది?

ప్రశ్న: నూరేళ్లు దాటిన ఇంప్రెషనిస్టు పెయింటింగ్ ఎవరెవరి చేతులు మారిందో ఎలా తెలుస్తుంది? అమ్మేవాళ్లు ఇచ్చే కాగితాలు చాలవా?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: చాలవమ్మా. కాగితాలకంటే ముందు బొమ్మను వెనక్కి తిప్పి చూడాలి. గ్యాలరీలు అతికించిన చీటీలు, స్టాకు నంబర్లు, కస్టమ్స్ ముద్రలు ఉండేది అక్కడే. బిల్లులు, వేలం క్యాటలాగులు, పాత ఫొటోలు ఆ తర్వాత.

ఇంప్రెషనిస్టు చిత్రకారుడు కామీ పిస్సారో 1897లో పారిస్‌లోని ఓ హోటల్ కిటికీలోంచి చూస్తూ వేసిన వానలో తడిసిన సాంతొనొరే వీధి బొమ్మనే తీసుకోండి. 1900లో దాన్ని జూలియస్ కాసిరర్ అనే జర్మన్ యూదుడు కొన్నాడు. తర్వాత కోడలు లిల్లీకి వచ్చింది. బెర్లిన్‌లో ఆమె ఇంటి గోడకు ఈ బొమ్మ వేలాడుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. 1939లో ఆమె దేశం దాటాలంటే బొమ్మ వదులుకోవాల్సి వచ్చింది. నాజీల మనిషి 900 మార్కులు వెల కట్టాడు. ఆ డబ్బు కూడా ఆమె తీసుకోవడానికి వీల్లేని ఖాతాలో పడింది.

1951లో అదే బొమ్మ అమెరికాలో అమ్ముడైంది. 1976లో న్యూయార్క్‌లో బారన్ థైసెన్ అనే సంపన్న సేకర్త కొన్నాడు. 1993లో ఆయన సేకరణతో పాటు స్పెయిన్ చేతికి వచ్చి, మాడ్రిడ్ మ్యూజియం సొత్తయింది.

వెనకవైపు మాత్రం చిరిగిన చీటీ ముక్క ఒకటి మిగిలింది. దాని మీద ‘బెర్లిన్’ అన్న మాట కనిపిస్తూనే ఉంది. మిగతా చీటీలు పీకేసి ఉన్నాయి. అమ్మకం కాగితాల్లో బెర్లిన్ ఊసే లేనప్పుడు, ఈ ముక్క ఎక్కడిదని కొనేవాళ్లు అడిగి ఉండాల్సింది. అడగకపోవడం నా దృష్టిలో క్షమించరానిది.

లిల్లీకి 1958లో జర్మనీ 1,20,000 మార్కుల పరిహారం ఇచ్చింది కదా అంటారు కొందరు. బొమ్మ ఎక్కడుందో తెలియని రోజుల్లో ఇచ్చిన డబ్బది. బొమ్మ మీద హక్కును ఆమె వదులుకోలేదు. మనవడు క్లోడ్ దాని ఆచూకీ 2000లో తెలుసుకుని, 2005లో అమెరికాలో కేసు వేశాడు. తీర్పు చూడకుండానే 2010లో పోయాడు. ఆ కేసును 2025 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు మళ్లీ కింది కోర్టుకు పంపింది.

మీరు చూసే యజమానుల వరసలో 1933 నుంచి 1945 దాకా, అంటే నాజీల పాలనలో, యజమాని పేరు లేకపోతే అక్కడే ఆగండి. నాజీల కాలంలో చేజారిన కళాకృతులతో జర్మన్ లాస్ట్ ఆర్ట్ ఫౌండేషన్ పెట్టిన జాబితా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. చిత్రకారుడి పేరుతో పాటు బొమ్మ కొలతలు కూడా పెట్టుకుని వెతకండి, ఎందుకంటే పేర్లు మారిపోతుంటాయి.