ఆఫీసులో ఒకరికి భయపడి కెరీర్ మార్చుకోవాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. సీఎస్‌ఈలో బీటెక్ చేసి రెండేళ్లుగా గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీలో పని చేస్తున్నాడు. వాళ్ల టీమ్‌లో ఒక సీనియర్‌కి కోపం ఎక్కువట. ఊరికే అరుస్తాడట, ఒకసారి కీబోర్డు తీసి టేబుల్‌కేసి కొట్టాడట. పోయిన నెలలో మావాడితో ‘పార్కింగ్‌లోకి రా, నీ సంగతి చూస్తా’ అన్నాడట. అప్పటి నుంచి ఉద్యోగం మానేసి అమెరికాకు ఎంఎస్‌కి పోతానంటున్నాడు. నేను ఆర్టీసీలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. మా డిపోలో ఇంతకన్నా మొండివాళ్లను చూశాను. మగపిల్లాడు ఇంత భయపడితే ఎట్లా? గ్రూప్-2కి ప్రిపేర్ అవ్వమని చెబుతున్నాను, గవర్నమెంటు ఉద్యోగంలో ఈ గోల ఉండదు కదా. ఎంఎస్, గ్రూప్స్, ఉన్న ఉద్యోగం, ఈ మూడింటిలో ఏది మేలు? మా తమ్ముడి బామ్మర్ది పోలీసు శాఖలో ఉన్నాడు. ఆ సీనియర్‌కి ఆయనతో ఒక మాట చెప్పించమంటారా?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీ ఉత్తరంలో ఎంఎస్ గురించి ఒక వాక్యం ఉంది, గ్రూప్స్ గురించి ఒకటి. మిగతాదంతా ఆ సీనియర్ గురించే. ఇలాంటి ఉత్తరాలు నాకు నెలకు రెండు మూడు వస్తాయి. ‘ఏ కోర్సు మంచిది’ అని మొదలవుతాయి, సగం దాటాక ఒక మనిషి బయటికొస్తాడు. ఒకరికి ఫార్మా కంపెనీలో సూపర్‌వైజర్, ఒకరికి బ్యాంకులో క్యాష్ కౌంటర్ పక్కనుండే ఆయన, ఇంకొకరికి ఆస్పత్రిలో సీనియర్ నర్సు. అందుకని జీఆర్‌ఈ గురించి, గ్రూప్-2 సిలబస్ గురించి ఇక్కడ రాయను. అవి మీ అబ్బాయికి నాకంటే బాగా తెలుసు.

ముందు మీతో ఒక మాట. కాస్త కటువుగా ఉంటుంది, ఏమీ అనుకోకండి. ‘మగపిల్లాడు ఇంత భయపడితే ఎట్లా’ అని నాకు రాశారు సరే, ఈ మాట వాడితో కూడా అన్నారా? అనే ఉంటారు. అని ఉంటే, ఆ రోజు నుంచి వాడు మీకు సగమే చెబుతున్నాడు. పార్కింగ్ మాట మీదాకా వచ్చిందంటే రానిది ఇంకా ఏదో ఉందని నా అనుమానం. క్యాంటీన్‌కి వెళ్లడం మానేశాడేమో, ఆ మనిషి లాగౌట్ అయ్యేదాకా వాష్‌రూమ్‌లో నిలబడుతున్నాడేమో మీకు తెలియదు.

మీ డిపోతో పోల్చారు కాబట్టి అదీ చూద్దాం. మీ డిపోలో మొండివాళ్లు ఉండే ఉంటారు, కాదనను. కానీ అక్కడ యూనియన్ ఉంది. చేయి ఎత్తినవాడి ఇల్లెక్కడో, వాళ్ల నాన్న ఎవరో అందరికీ తెలుసు. పొద్దున కాలర్ పట్టుకున్నవాడిని సాయంత్రం నలుగురు పెద్దమనుషులు కూర్చోబెట్టి టీ తాగించేవాళ్లు. మీవాడి టీమ్ ఎనిమిది నెలలకోసారి చెదిరిపోతుంది. పక్క సీటులో ఉన్న అమ్మాయిది ఏ ఊరో వాడికి తెలియదు. రాత్రి పీజీ హాస్టల్‌కి వెళితే రూమ్మేట్ హెడ్‌ఫోన్స్ పెట్టుకొని ఉంటాడు. మీకున్న అండలో పదో వంతు కూడా వాడికి లేదు. మరి మీకున్నంత ధైర్యం ఉండాలంటే ఎక్కడ నుంచి తెస్తాడు?

నేను కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఒక కోచింగ్ సెంటర్లో పని చేశాను. అక్కడ ఫిజిక్స్ చెప్పే సీనియర్ ఒకాయన ఓ మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో నా మీదికి స్టీలు గ్లాసు విసిరాడు. నాకు తగల్లేదు. వెనకాల ఉన్న బీరువా తలుపుకి సొట్ట పడింది, అంతే. ఆ సొట్టకి ఎదురుగా కూర్చొని నాలుగు నెలలు పేపర్లు దిద్దాను. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినిపిస్తే చేతిలో ఎర్ర పెన్ను ఆగిపోయేది. ఇంట్లో చెప్పలేదు. చెబితే మా నాన్న మీరన్న మాటే అనేవారు. ఆ ఏడాది బీఎడ్‌లో చేరాను. చదువు చెప్పడమంటే ప్రాణమని అందరికీ చెప్పుకున్నాను కానీ అసలు సంగతి ఆ మెట్లే. ఆ బీఎడ్ సగంలో మానేశాను. ఒక సంవత్సరం, మా నాన్న డబ్బు, రెండూ పోయాయి.

మీ అబ్బాయి ఎంఎస్ మాటలో నాకు ఆ మెట్ల చప్పుడే వినిపిస్తోంది. అందుకే ఈ ఎంఎస్ గురించి ఎక్కువ రాస్తాను.

అమెరికాలో ఉద్యోగ స్థలాల్లో జరిగే హింసను అక్కడివాళ్లు నాలుగు రకాలుగా చూస్తారు. దోచుకోవడానికి వచ్చే బయటివాడు ఒకడు, కస్టమరో రోగో ఒకడు, తోటి ఉద్యోగి ఒకడు, ఇంటి గొడవను ఆఫీసు దాకా మోసుకొచ్చేవాడు ఒకడు. కోపిష్టి సహోద్యోగి అక్కడా ఉంటాడు, వాళ్లకి దానికో పేరు పెట్టాల్సినంతగా ఉంటాడు. అక్కడ కారులో తుపాకీ ఉండటం వింత కాదు. ఇక మన పిల్లలు ఫీజుల కోసం చేరే గ్యాస్ స్టేషన్లు, స్టోర్లు మొదటి రకానికి దొరికిపోయే చోట్లు. 2024 నవంబర్‌లో చికాగోలో ఖమ్మం జిల్లా కుర్రాడొకడు అలా గ్యాస్ స్టేషన్‌లోనే కాల్పులకు బలయ్యాడు. మీరు టీవీలో చూసే ఉంటారు.

నాకు అంతకంటే పెద్ద బెంగ వీసాది. చదువుకునే రోజుల్లో సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని. బయట అనుమతి లేకుండా స్టోర్లో చేస్తే అది వీసా ఉల్లంఘన. అలాంటి చోట ఓనర్ అరిచినా, తోటివాడు చేయి చేసుకున్నా, జీతం ఎగ్గొట్టినా పిల్లలు నోరు విప్పరు. ఎవరికి చెప్పుకుంటారు? చదువు అయ్యాక ఓపీటీలో, అంటే అక్కడ కొన్నాళ్లు పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతిలో, ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులే ఉండొచ్చు. సైన్స్, ఇంజనీరింగ్ లాంటి కోర్సులవాళ్లకి ఇచ్చే స్టెమ్ పొడిగింపు వస్తే ఇంకో 60 రోజులు కలుస్తాయి. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా వచ్చాక ఉద్యోగం పోయినా, మానుకున్నా 60 రోజుల్లో ఇంకో కంపెనీ దొరకాలి, లేదంటే సర్దుకోవాలి. ఇప్పుడు ఆలోచించండి. గచ్చిబౌలిలో మీవాడికి విసుగొస్తే నోటీస్ పీరియడ్ పూర్తి చేసి, బస్సెక్కి హనుమకొండ వచ్చి వాళ్లమ్మ చేతి అన్నం తింటాడు. అక్కడ నెత్తిన ముప్పై నలభై లక్షల అప్పు పెట్టుకొని, వీసా రోజులు లెక్కపెట్టుకుంటూ, ఇలాంటి సీనియరే తగిలితే? ‘మానేస్తాను’ అనే మాట అంత తేలిగ్గా నోట్లోంచి రాదు. మేనేజర్ ఎంత అరిచినా తలొంచుకొని కూర్చున్న పిల్లలు ఫోన్లో నాతో ఏడ్చిన సందర్భాలున్నాయి. వాళ్ల ఊళ్లలో మాత్రం వాళ్ల నాన్నలు ‘మావాడు డల్లాస్’ అని గర్వంగా చెప్పుకుంటుంటారు.

ఎంఎస్ వద్దనడం లేదు. ఏ సబ్జెక్టు, ఏ యూనివర్సిటీ, ఎందుకు అని అడిగితే మీవాడు పది నిమిషాలు ఆగకుండా చెప్పగలిగితే పంపండి. ‘ముందు ఇక్కడ నుంచి బయటపడాలి’ అన్నదొక్కటే జవాబైతే ఆరు నెలలు ఆపండి.

గ్రూప్స్ సంగతి క్లుప్తంగా. గవర్నమెంటు ఆఫీసులో గోల ఉండదన్నారు. గ్రూప్-2 పాసైతే వచ్చే పోస్టుల్లో నాయబ్ తహసీల్దార్ ఒకటి. 2019 నవంబర్ 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దార్ విజయారెడ్డిని ఆమె ఆఫీసు గదిలోనే పెట్రోలు పోసి నిప్పంటించి చంపారు. కాపాడబోయిన డ్రైవర్ కూడా కాలిన గాయాలతో చనిపోయాడు. ఆ తర్వాత కొన్ని రెవెన్యూ ఆఫీసుల్లో అధికారి బల్లకీ జనానికీ మధ్య తాడు కట్టుకున్నారు. అంతదాకా ఎందుకు, చిల్లర దగ్గర కండక్టర్ మీద చేయి చేసుకున్న ప్రయాణికులను మీరెంతమందిని చూడలేదు? అదీ సర్కారు కొలువే. ఇక సమయం మాటకొస్తే, 783 పోస్టులకి గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో ఇచ్చి పరీక్ష 2024 డిసెంబర్‌లో పెట్టారు. ఆ రెండేళ్లూ హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ గదుల్లో కూర్చున్న పిల్లల టెన్షన్ వేరే కథ. మీవాడికి నిజంగా ఆ ఉద్యోగం మీద మనసుంటే మంచిదే. లేకపోతే ఒక భయం నుంచి తీసి ఇంకో దాంట్లో పడేసినట్టే.

మిగిలింది ఉన్న ఉద్యోగం. ఇక్కడ ముందు తేల్చుకోవాల్సింది ఆ సీనియర్ ఎలాంటివాడన్నది. నోరు పారేసుకునేవాళ్లు ప్రతి ఆఫీసులో ఉంటారు. అందరి మీదా అరుస్తారు, గంట తర్వాత వాళ్లే వచ్చి టీకి పిలుస్తారు. వాళ్లతో చిరాకే తప్ప పెద్ద ప్రమాదం ఉండదు. ఒకే మనిషిని పట్టుకొని పదే పదే బెదిరించడం, బైక్ దగ్గర కాపు కాయడం, హాస్టల్ ఎక్కడని పక్కవాళ్లని ఆరా తీయడం, కత్తులు తుపాకుల మాటలు, ‘నాకింక పోయేదేం లేదు’ లాంటి మాటలు, ఇవి వేరు. వీటిలో ఒక్కటి ఉన్నా తేలిగ్గా తీసుకోవద్దు. కీబోర్డు కొట్టడం నాకు అంత భయం కలిగించలేదు, పార్కింగ్‌కి రమ్మనడం కలిగించింది. అది ఒకసారేనా, మళ్లీ అన్నాడా అని అడగండి. అన్నట్టు, అతన్ని ‘సైకో’ అని ఇంట్లో అంటున్నారేమో, ఆ మాట మానండి. మానసిక జబ్బుతో ఉన్నవాళ్లలో చాలామంది ఎవరి జోలికీ పోరు. పేరు పెట్టి ఊరుకుంటే, అతను అన్నదేమిటో చేసిందేమిటో రాసిపెట్టుకునే పని వెనకబడుతుంది.

రాయడం ముఖ్యం. సొంత నోట్‌బుక్‌లో తారీఖు, టైమ్, అతను అన్న మాట అన్నట్టుగానే, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఇంతే. ఆఫీసు మెయిళ్లు సొంత మెయిల్‌కి పంపుకోవద్దని గట్టిగా చెప్పండి, దానికే ఉద్యోగం పోవచ్చు. అతనితో మీటింగ్ రూమ్‌లో ఒంటరిగా కూర్చోవద్దు, అతని కారెక్కవద్దు, నలుగురిలో మాటకి మాట అనొద్దు. పార్కింగ్‌కి రమ్మంటే వెళ్లకపోవడం పిరికితనం కాదని మీ నోటితో మీరే చెప్పాలి. నేను చెబితే వాడికి ఎక్కదు. తర్వాత మేనేజర్‌కీ హెచ్‌ఆర్‌కీ కలిపి ఒక మెయిల్. అందులో ‘చాలా కోపిష్టి’ లాంటివి వద్దు. ఫలానా రోజు ఫలానా మాట అన్నాడు, నాకు భద్రంగా అనిపించడం లేదు, సీటూ ప్రాజెక్టూ మార్చండి, అంతవరకే. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుని హెచ్‌ఆర్ మర్చిపోగలదు. తేదీతో ఉన్న మెయిల్ వాళ్ల దగ్గర ఫైల్లో ఉండిపోతుంది.

ఆడపిల్లలకి లైంగిక వేధింపుల విషయంలో 2013 చట్టం ఉంది, పది మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. మీవాడి విషయానికి అది వర్తించదు. ఆఫీసులో అరుపులకీ తిట్లకీ మనకి ప్రత్యేకంగా చట్టమంటూ లేదు, కంపెనీ సొంత నియమావళే దిక్కు. కొట్టినా, చంపుతానని బెదిరించినా మాత్రం అది కంపెనీ ఇంటి వ్యవహారం కాదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో బెదిరింపుకి 351, దెబ్బకి 115 సెక్షన్లున్నాయి. ఎదురుగా ప్రమాదం ఉంటే హెచ్‌ఆర్ మెయిల్ కోసం ఆగకుండా 112కి ఫోన్ చేయాలి. ఆ నంబర్ వాడి ఫోన్‌లో ఉందో లేదో చూడండి.

మీ తమ్ముడి బామ్మర్ది సంగతి. దయచేసి వద్దు. ఆయన ఫోన్ చేసి ఒక మాట అన్నాడనుకోండి, ఆ మనిషి కోపం తగ్గదు, పెరుగుతుంది. కంపెనీ దృష్టిలో బెదిరించినవాళ్లు మీవాళ్లే అవుతారు. ఫిర్యాదు చేయాల్సి వస్తే మీ అబ్బాయి స్వయంగా స్టేషన్‌కి వెళ్లి, కాగితం మీద రాసి ఇస్తాడు. మీరు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయడం, ఇద్దరు బంధువులని తీసుకొని ఆఫీసు గేటు దగ్గరికి వెళ్లడం కూడా ఇదే బాపతు. ఒక తండ్రి అలా వెళ్లొచ్చాక వాళ్లబ్బాయి ఆ ఆఫీసులో ఎవరి ముఖమూ చూడలేక వారంలో మానేశాడు.

మీవాడు రెండేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు. కంపెనీ స్పందించకపోతే వేరే చోట చూసుకోవచ్చు, చేతిలో ఆఫర్ లెటర్ పెట్టుకొని రాజీనామా ఇవ్వొచ్చు. ప్రమాదం అనిపిస్తే ఆఫర్ లేకపోయినా రావొచ్చు, రెండు నెలల గ్యాప్‌కి ఏ కెరీరూ కూలిపోదు. రిలీవింగ్ లెటర్ గురించి, ఇంటర్వ్యూలో ఎందుకు మానేశావంటే ఏం చెప్పాలన్న దాని గురించి మీరు భయపడుతుంటారు. ‘వేరే రకం పని చూద్దామని’ అంటే చాలు, అంతకు మించి ఎవరూ తవ్వరు. ఏమాత్రం నిద్ర పట్టడం లేదన్నా, గుండె దడ అన్నా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ ఆదివారం వాడు ఫోన్ చేస్తే గ్రూప్స్ మాట తేవొద్దు. ‘పార్కింగ్ దగ్గర ఏం జరిగింది నాన్నా, మొదటి నుంచి చెప్పు’ అనండి. మధ్యలో మీ డిపో కథలు చెప్పకుండా వినండి. రెండు వారాలు పోయాక ఎంఎస్ గురించి వాడినే నాకు రాయమనండి, మీరు రాయొద్దు.