బ్లేడుతో మాత్రని కొయ్యకముందే

ప్రశ్న: మా నాన్నకి నాలుగు నెలల కిందట గుండెకి స్టెంట్ వేశారు. దాచుకున్నదంతా ఆసుపత్రికే అయిపోయింది, ఇంకా కొంత బాకీ ఉంది. నా జీతం ఇంటి ఖర్చులకే చాలడం లేదు. మొన్న చూద్దును కదా, నాన్న మాత్రల్ని బ్లేడుతో సగానికి కోసి డబ్బాలో వేసుకుంటున్నారు. ‘‘నెలకి తెచ్చినవి రెండు నెలలు వస్తాయిలే’’ అన్నారు. డాక్టరు దగ్గర డబ్బు మాట ఎత్తితే పరువు పోతుందట. మాలాంటి వాళ్ళకి సాయం దొరుకుతుందా? ఎవర్ని అడగాలి?
– ఓ కూతురు

జవాబు: అమ్మా, సాయం సంగతి తర్వాత, ముందు ఆ డబ్బా సంగతి చూడండి. స్టెంట్ వేసినవాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, దానికి తోడు క్లోపిడోగ్రెల్ లాంటిది ఇంకొకటి ఇస్తారు. వీటిని డాక్టరు చెప్పకుండా తగ్గిస్తే స్టెంట్‌లోనే గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చు. కొన్ని మాత్రలు రోజంతా నెమ్మదిగా కరిగేలా చేసినవి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్ లాంటి అక్షరాలుంటాయి. అలాంటివాటిలో చాలావాటిని కోస్తే రోజంతటి మందూ ఒక్కసారే ఒంట్లోకి దిగిపోతుంది. కాబట్టి ఈ రోజే డాక్టరుకి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎన్నాళ్ళుగా సగం వేసుకుంటున్నారో చెప్పండి. పోయినదానికి బదులని రెండేసి మాత్రలు మాత్రం ఇవ్వకండి.

ఇక పరువు సంగతి. ఇరవై ఆరేళ్ళు ఆసుపత్రిలో సోషల్ వర్కర్‌గా పనిచేశాను. నా గది బిల్లింగ్ కౌంటర్ పక్కన, మెట్ల కింద ఉండేది. అక్కడికి వచ్చేవాళ్ళలో సగం మంది నగలు అమ్మేశాక, వడ్డీకి తెచ్చాక వచ్చేవాళ్ళు. ‘‘ముందే రావాల్సింది కదండీ’’ అంటే ‘‘అడగొచ్చని తెలీదమ్మా’’ అనేవాళ్ళు. తెలిసినవాళ్ళు సిగ్గుపడి రాలేదు.

ఈ ఉద్యోగం ఎలా పుట్టిందో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. 1895లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రి మేరీ స్టూవర్ట్ అనే ఆవిడని పనిలో పెట్టుకుంది. ఉచితంగా చూసే ఆసుపత్రి కదా, డబ్బున్నవాళ్ళు కూడా వచ్చేస్తున్నారేమో ఆరా తియ్యమన్నారు. తీరా ఆవిడా, తర్వాత వచ్చినవాళ్ళూ చేసిన పనల్లా లేనివాళ్ళకి సాయం ఎక్కడ దొరుకుతుందో వెతికి పెట్టడమే. పెద్ద ఆసుపత్రుల్లో చాలావాటిలో ఇప్పటికీ ఆ కుర్చీ ఉంటుంది. మీ గోడు వినడానికే అక్కడ మనిషికి జీతం ఇస్తున్నారు. ‘‘సోషల్ వర్కర్ ఎక్కడుంటారు?’’ అని రిసెప్షన్‌లో అడగండి. లేరంటే, బిల్లుల్లో రాయితీ ఎవరు చూస్తారని అడగండి.

నా గదికొచ్చిన ఓ లారీ డ్రైవర్ గుర్తొస్తున్నాడు. ఏడు మందులున్న చీటీలో మూడింటికి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకున్నాడు. ఎందుకవే అంటే, చవగ్గా ఉన్నాయన్నాడు. ఆ మూడింట్లో ఒకటి గ్యాస్ మాత్ర, ఒకటి విటమిన్. గుండె మందులు రెండూ టిక్కు లేకుండా మిగిలిపోయాయి! చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రెండు పేర్లు కొట్టేసి, ఇంకో రెండింటికి కంపెనీ పేరు తీసేసి మందు పేరు రాశారు. ఐదు నిమిషాలు పట్టలేదు. ‘‘ఈ మాట ముందే చెప్పొచ్చుగా’’ అని నన్ను కసిరారు, నేనేదో దాచినట్టు.

మీరు కూడా ఈ ఒక్క మాట అడగండి: ‘‘డాక్టరుగారూ, ఇవన్నీ కొనలేకపోతున్నాం. ఆపకూడనివి ఏవి? మిగతావాటికి చవకైనవి ఉన్నాయా?’’ జెనరిక్ అంటే నాసిరకం అనుకోకండి. అనుమతి పొందిన జెనరిక్‌లో పనిచేసే మందు అదే, మోతాదు అదే. కంపెనీ పేరూ, అట్టపెట్టె రంగూ వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1977 నుంచీ అత్యావశ్యక మందుల జాబితా ప్రకటిస్తోంది. గుండె జబ్బు మందులకీ అందులో చోటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏ మందులు ఉంచాలో చాలా దేశాలు దాన్ని చూసే తేల్చుకుంటాయి. అందుకే ప్రైవేటులో చూపించుకుంటున్నా, ఈ మందులు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారేమో కనుక్కోండి.

పాత బాకీ మాటకొస్తే, ముందు పద్దులవారీగా బిల్లు అడిగి తీసుకోండి. మొత్తం ఒక్కటే రాసిన కాగితం చాలదు. డిశ్చార్జి సమ్మరీ పక్కన పెట్టుకుని, ఏ రోజు ఏం చేశారో ఒక్కో లైనూ చూడండి. ఒకే పరీక్ష రెండుసార్లు పడిన బిల్లులు, ఇంటికెళ్ళిన రోజుక్కూడా గది అద్దె వేసిన బిల్లులు నా చేతుల మీదుగానే దిద్దించాను. ప్రతిసారీ మోసమే అననుగానీ, పొరపాటైనా కట్టేది మీరేగా. తేలినదానికి తగ్గింపు అడగండి, ఆ తర్వాత వాయిదాలు. ఈ రెండూ కాకముందే మాత్రం వడ్డీకి అప్పు తేకండి. కట్టేసిన బిల్లుకి సాయం రాబట్టడం, కట్టాల్సిన బిల్లుకి రాబట్టడం కంటే చాలా కష్టం.

సాయం కోసం పెట్టే దరఖాస్తుకి ఆదాయం రుజువు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లు, మందుల చీటీ అన్నీ రెండేసి జిరాక్సులు తీయించండి. అసలువి ఎవరికీ వదలకండి. కాదంటే కారణం కాగితం మీద రాసిమ్మనండి. నేను చూసిన తిరస్కరణల్లో చాలావాటికి కారణం అర్హత లేకపోవడం కాదు, ఏదో ఒక కాగితం తగ్గడమే. అది జత చేసి మళ్ళీ పెడితే అయిపోయేవి.

నాన్నగారు డాక్టరు ముందు నోరు విప్పరనే అనుకుందాం. ఆయనతో వాదన పెట్టుకోకండి. చూపించడానికి వెళ్ళేటప్పుడు ఆ డబ్బాని ఉన్నదున్నట్టు, సగం ముక్కలతో సహా సంచిలో వేసుకెళ్ళి డాక్టరు బల్ల మీద మూత తీసి పెట్టండి.