అమ్మాయి గదిలో కాక్‌పిట్

ప్రశ్న: మాది విజయవాడ. నాకు 49, మావారికి 54. ఆయన బ్యాంకులో ఆఫీసరు. మాకు ఒక్కతే అమ్మాయి. రెండేళ్ల కిందట ఉద్యోగానికి బెంగళూరు వెళ్లింది. అది వెళ్లిన కొన్నాళ్లకు ఈయన దాని గదిలో కంప్యూటర్ పెట్టి విమానం నడిపే ఆట మొదలుపెట్టారు. మొదట్లో గంటో రెండు గంటలో ఆడేవారు. ఇప్పుడు అమ్మాయి చదువుకునే టేబుల్‌కి విమానం స్టీరింగ్ లాంటిది బిగించారు, కింద పెడల్స్, చెవులకు హెడ్‌ఫోన్స్. ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడుతుంటారు. భోజనానికి పిలిస్తే వెనక్కి తిరగకుండానే 'ఆగు' అన్నట్టు చెయ్యెత్తుతారు. వారంలో మూడు నాలుగు రాత్రులు ఒంటిగంట దాకా అదే పని. మా ఆడపడుచు చూసి, 'అన్నయ్యకి ఈ వయసులో వీడియో గేముల పిచ్చేంటి వదినా' అని నలుగురిలో నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. మొన్న ఫోన్‌లో బ్యాంకు మెసేజ్ చూస్తే ఒక్కరోజే 86 వేలు ఖర్చు పెట్టారు, నాతో మాటమాత్రం అనలేదు. అడిగితే 'తాగుతున్నానా, పేకాడుతున్నానా' అని ఎదురు అడిగారు. ఆయనకు వేరే ఏ చెడు అలవాటూ లేదు, అది నిజమే. కుర్రతనంలో ఎయిర్‌ఫోర్స్‌లో చేరాలనుకున్నారట, రంగులు గుర్తుపట్టే పరీక్షలో తీసేశారట. ఇది మానసిక జబ్బా? డాక్టరుకి చూపించాలా? ఇంటర్నెట్ తీయించెయ్యమని మా తమ్ముడు అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: ముందు ఇంటర్నెట్ సంగతి. అది తీయించకండమ్మా. తీయిస్తే ఆయన వచ్చి మీ పక్కన కూర్చోరు, అదే గదిలో తలుపేసుకుని కూర్చుంటారు. మీ తమ్ముడు మీ మీద ప్రేమతోనే ఆ మాట అని ఉంటారు. కానీ 54 ఏళ్ల మనిషికి చిన్నపిల్లాడికి వేసినట్టు శిక్ష వేస్తే, ఆ తర్వాత మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకునే వీలు కూడా పోతుంది.

జబ్బా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కంప్యూటర్ ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల జాబితాలో చేర్చిన మాట నిజమే, ఆ జాబితా 2022 నుంచి అమల్లో ఉంది. అయితే ఎన్ని గంటలు ఆడారో లెక్కేసి ఆ పేరు పెట్టరు. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం, తిండి, ఉద్యోగం, మనుషులు అన్నీ దాని తర్వాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా వదలలేకపోవడం, ఇవి మామూలుగా ఒక ఏడాదైనా సాగాలి. మీవారు ఆఫీసు ఎగ్గొట్టారని మీరు రాయలేదు, అప్పులు చేశారని రాయలేదు. వారంలో మిగతా రాత్రులు వేళకే పడుకుంటున్నారని మీ మాటల్ని బట్టే అర్థమవుతోంది. మీరు చెప్పినంతవరకు ఇది జబ్బులా లేదు. బాగా పట్టుకున్న ఒక ఇష్టం. మితం తప్పింది, దాన్ని దారిలో పెట్టుకోవాలి.

అందుకు ఆ గదిలో ఏం జరుగుతోందో మీకు కొంచెం తెలియాలి. మీ ఆడపడుచు అనుకుంటున్నట్టు కాల్చడాలు, పాయింట్లు కొట్టడాలు అందులో లేవు. హైదరాబాద్ నుంచి విశాఖకి వెళ్లాలనుకోండి, గంట ప్రయాణం. బయల్దేరకముందే ఆయనకు బోలెడు పని ఉంటుంది. ఇంధనం ఎంత పోయాలి, ఏ దారిన వెళ్లాలి, గాలి ఎటు వీస్తోంది అన్నీ చూసుకోవాలి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే దిగుతుంది. రన్‌వే మీద రాసి ఉండే అంకె కూడా దిక్కుని చెప్పేదే. శంషాబాద్‌లో 09 అంటే తూర్పు వైపు, 27 అంటే పడమర వైపు. ఇలా విమానం నడిపించే ఆటల్ని సిమ్యులేటర్లు అంటారు. ఇప్పుడొచ్చే వాటిలో వాతావరణం కూడా ఆ పూట నిజంగా ఉన్నదే తెచ్చి పెట్టుకోవచ్చు. విశాఖ మీద మబ్బు కమ్మితే ఆయన తెర మీదా మబ్బే.

ఇక దిగడం అసలైన పరీక్ష. మూడు డిగ్రీల వాలులో మెల్లగా కిందికి రావాలి. ఎత్తు ఎక్కువైతే దిగాల్సిన చోటు దాటిపోతుంది. వేగం మరీ తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేవు. సెస్నా 172 అనే చిన్న విమానం ఉంది, కొత్తవాళ్లు ఎక్కువగా దాని మీదే నేర్చుకుంటారు. దాన్ని దించేటప్పుడు వేగం 65 నాట్ల దగ్గర, అంటే గంటకి సుమారు 120 కిలోమీటర్ల దగ్గర నిలబెట్టాలి. ఒక చెయ్యి స్టీరింగ్ మీద, ఇంకో చెయ్యి ఇంజన్ జోరు పెంచి తగ్గించే థ్రాటిల్ మీద, కాళ్లు పెడల్స్ మీద, చూపు రన్‌వే మీద. పక్కగాలి కొడుతుంటే విమానం ముక్కు ఒకవైపు, ప్రయాణం ఇంకోవైపు. చక్రాలు నేలకి తాకేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఆ తర్వాత విమానాన్ని పక్కకి తెచ్చి, ఇంజన్ ఆపి, లైట్లు ఒక్కొక్కటీ ఆర్పుతారు. బాగా దిగిందో లేదో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆయనకే తెలిసిపోతుంది.

మీవారిని కట్టిపడేస్తున్నది ఇదేనని నా నమ్మకం. బ్యాంకు ఉద్యోగులు నా దగ్గరికి చాలామందే వస్తుంటారు. ఈ నెల టార్గెట్ అయ్యేలోపే వచ్చే నెలది నెత్తిన పడుతుంది, పైనుంచి ఫోన్లు, కౌంటర్ ముందు కేకలు. 'ఈ పని నేను మొదలుపెట్టాను, నా చేతులతో సరిగ్గా చేశాను, అయిపోయింది' అనుకుని లేచి ఇంటికొచ్చే రోజు వాళ్లకు దాదాపు ఉండదు. ఆ తృప్తి ఆయనకు గంటన్నరలో ఆ కుర్చీలో దొరుకుతోంది. దాన్ని చిన్నచూపు చూడకండి. మనిషికి అది కావాలి.

దానికి తోడు ఆ పాత దెబ్బ ఒకటుంది. రంగు చుక్కల మధ్య అంకె కనబడలేదని కుర్రవయసులో వెనక్కి పంపేస్తే, అందులో ఆయన తప్పేముంది? కష్టపడి చదివితే దాటగలిగే పరీక్ష కాదు కదా అది. ఇంట్లో ఎన్ని గంటలు నడిపినా పైలెట్ లైసెన్సుకి పనికిరావని ఆయనకు బాగా తెలుసు. అయినా కూర్చుంటున్నారంటే లైసెన్సు కోసం కాదు, ఆ పని కోసమే. పైగా ఇది కుర్రకారు వ్యవహారమేమీ కాదు. ఎడ్విన్ లింక్ అనే అమెరికన్ 1929లో వాళ్ల నాన్నగారి వాద్యాల ఫ్యాక్టరీలో, ఆర్గాన్‌లకు వాడే తోలు తిత్తులతోనే, నేల మీద కదిలే విమానం బొమ్మ తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలెట్లు దాని మీదే నేర్చుకున్నారు. ఇవాళ్టికీ విమాన సంస్థల పైలెట్లు సిమ్యులేటర్‌లో కూర్చుని పరీక్ష ఇస్తూనే ఉండాలి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్లైట్ సిమ్యులేటర్ ఇళ్లలోకి వచ్చింది 1982లో. అప్పుడు మొదలుపెట్టిన కుర్రాళ్లు ఇవాళ మీవారి వయసు దాటినవాళ్లే. మీ ఆడపడుచుతో వాదించక్కర్లేదు. మళ్లీ నవ్వితే 'మీ అన్నయ్యకి ఇష్టం, చక్కగా నేర్చుకుంటున్నారు' అనండి. నలుగురిలో ఆయన్ని మీరు తక్కువ చేయలేదని ఆయనకు తెలిస్తే, రేపు మీరు చెప్పబోయే మాట వినడానికి మనసు ఒప్పుతుంది.

ఇప్పుడు ఆ ఎత్తిన చెయ్యి సంగతి. అది మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో ఉత్తరం చదువుతుంటేనే తెలుస్తోంది. హెడ్‌ఫోన్స్‌లో ఆయన మాట్లాడేది బహుశా వ్యాట్‌సిమ్ లాంటి నెట్‌వర్క్‌లో అయి ఉంటుంది. 2001 నుంచి నడుస్తున్న ఉచిత నెట్‌వర్క్ అది. ప్రపంచంలో ఎక్కడెక్కడో ఉన్న ఔత్సాహికులు ఒకరు పైలెట్‌గా, ఒకరు విమానాలకు నేల మీది నుంచి దారి చెప్పే కంట్రోలర్‌గా కూర్చుంటారు. అవతల కంట్రోలర్ 'ఇంత ఎత్తుకి దిగు, ఇటు తిరుగు' అంటే వెంటనే ఆ మాట తిరిగి చెప్పి, అలాగే చేయాలి. మధ్యలో లేచి వస్తే వెనక వచ్చే వాళ్లందరికీ ఇబ్బంది. అసలు విమానాల్లోనే ఒక నియమం ఉంది. 10,000 అడుగుల లోపు ఉన్నంతసేపు, అంటే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, కాక్‌పిట్‌లో పనికి సంబంధం లేని మాట ఒక్కటి మాట్లాడకూడదు. కబుర్లలో పడి ప్రమాదాలు జరిగాక అమెరికాలో 1981లో పెట్టారు దాన్ని. మీరు అన్నం వడ్డించి పిలిచే సమయానికి ఆయన సరిగ్గా అక్కడ ఉండి ఉండొచ్చు.

అలాగని మీరు కంచం ముందు కూర్చుని ఎదురుచూడాలని నేను చెప్పను. ఆయన ఎలాగూ బయల్దేరే ముందు ఫ్లైట్ ప్లాన్ రాసుకుంటారు. ఎన్నింటికి దిగుతారో కుర్చీలో కూర్చోకముందే ఆయనకు తెలుసు. ఆ టైం మీకూ చెప్పమనండి. 'ఎనిమిదిన్నరకి దిగుతాను' అంటే ఎనిమిదిన్నరకి భోజనాల దగ్గర ఉండాలి. ఒంటిగంటకి దిగే విమానం అయితే భోజనం ముందే అయిపోవాలి, మీతో కలిసి. ఇది ఆయన పెద్దగా కాదనలేరు. విమానాల మీద అంత గౌరవం ఉన్న మనిషికి టైం అంటే ఏంటో మీరు చెప్పనవసరం లేదు.

రాత్రి ఒంటిగంట దాకా ఎందుకో కూడా చెబుతాను. ఆ నెట్‌వర్క్‌లో సందడంతా ఎక్కువగా యూరప్ వాళ్ల సాయంత్రాల్లో. లండన్‌లో ఏడయ్యేసరికి మనకి ఎండాకాలంలో రాత్రి పదకొండున్నర, చలికాలంలో పన్నెండున్నర. శనివారం రాత్రి ఒక్కటీ ఆయనకు వదిలెయ్యండి, మర్నాడు సెలవు కాబట్టి లేటుగా లేచినా పర్వాలేదు. మిగతా రోజులు పదిన్నరకల్లా కంప్యూటర్ ఆపాలి. ఈ వయసులో వారానికి నాలుగు రాత్రులు నిద్ర చెడగొట్టుకోవడం మంచిది కాదు. బీపీ, షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయిందో అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఏమైనా ఉంటే ముందు దానికి వెళ్లండి.

డబ్బు విషయంలో మాత్రం తప్పు ఆయనదే. 86 వేలు ఇంట్లో చెప్పకుండా ఖర్చు పెట్టడం తప్పు. 'తాగుతున్నానా' అన్నది దానికి జవాబు కాదు. తాగకపోవడం మంచి విషయమే, కానీ అది చెప్పకుండా కొనడానికి అనుమతి కాదు కదా. ఈ అభిరుచికి అడుగూ లేదు, పైకప్పూ లేదు. ఫ్లైట్‌గేర్ లాంటి సిమ్యులేటర్ పూర్తిగా ఉచితం. ఇంకో పక్క స్టీరింగ్, పెడల్స్, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు, ఒక్కో విమానానికి విడిగా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్, ఇలా కొనుక్కుంటూ పోతే లక్షలు కూడా చాలవు. అమ్మాయి పెళ్లికి, రిటైర్‌మెంట్‌కి ఎంత పక్కన పెట్టాలో ఇద్దరూ కూర్చుని ముందు రాసుకోండి. మిగిలిన దాంట్లో నెలకి ఇంత అని ఆయన సరదాకి ఒక మొత్తం అనుకోండి. సరిగ్గా అంతే మొత్తం మీ సరదాకి కూడా. మీరు ఖర్చు పెడతారా దాచుకుంటారా మీ ఇష్టం, ఆయన అడగకూడదు. ఇది చాలామంది భర్తలకి కొత్తగా ఉంటుంది. ఉండనివ్వండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది మరొకటి. అమ్మాయి వెళ్లింది, ఆయన ఆ గదిలోకి చేరారు అని రాశారు. మీ సాయంత్రాలు ఎలా గడుస్తున్నాయో ఒక్క ముక్క లేదు. అమ్మాయి లేని లోటు ఇద్దరికీ ఉంది. ఆయనకు పని దొరికింది, మీకు దొరకలేదు. అందుకే ఆ విమానం మీద మీకు అంత కోపం వస్తోందేమో ఒకసారి ఆలోచించండి. నేను తప్పుగా అనుకుంటే మన్నించండి. ఒప్పే అయితే ఆయనకు చెప్పాల్సిన మాట వేరు. ఉదయం కాఫీ తాగేటప్పుడు, హెడ్‌ఫోన్స్ లేనప్పుడు, ఇలా చెప్పండి: 'మీ విమానం మీద నాకు కోపం లేదండీ. పాప వెళ్లాక సాయంత్రం ఈ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్లే లేరు. అది నాకు కష్టంగా ఉంది.' అంతే చెప్పి ఆగండి. ఖర్చు, ఆడపడుచు, నిద్ర ఏవీ అందులో కలపకండి.

ఇంకో పని చేసి చూడండి, మనసొప్పితేనే. ఒక సాయంత్రం ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, గన్నవరంలో లేచి బెంగళూరులో దిగమనండి. పైనుంచి కృష్ణా నది కనిపిస్తుంది. ఎక్కడ ఏ మీట నొక్కుతున్నారో, ఎందుకో అడగండి. ఇంట్లో ఒక మనిషి తన పని గురించి అడగడం ఆయనకు ఎంతకాలమైందో. అరగంటకి విసుగొస్తే లేచి వచ్చెయ్యండి. ఆయన అభిరుచి మీ అభిరుచి కానవసరం లేదు. కానీ ఆయనకు ఆ గది ఉన్నట్టు, మీకంటూ ఇంటి బయట ఒక చోటు ఉండాలి. సంగీతమో, కుట్టుపనో, నడకకి నలుగురు స్నేహితులో, ఏదైనా సరే. ఇరవై ఏళ్ల కిందట అమ్మాయి కోసం మానేసింది ఏదో ఒకటి ఉండే ఉంటుంది.

ఒకవేళ ఇవన్నీ చెప్పి చూశాక కూడా ఆయన ఆఫీసు మానడం, ఆపమంటే విరుచుకుపడటం, అప్పులు దాచడం లాంటివి కనిపిస్తే ఇక ఆలస్యం చేయకండి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన రానంటే మీరే మాట్లాడొచ్చు.

అన్నీ ఒకే రోజు ఎత్తకండి. ముందు ఆ కాఫీ దగ్గరి మాట, తర్వాత భోజనం టైం, తర్వాత రాత్రుళ్లు. డబ్బు లెక్క మాత్రం ఆయన ఇంకొక వస్తువు ఆర్డర్ పెట్టకముందే తేల్చుకోండి.