స్కీయింగ్ చేసేవాళ్ళూ, నడిచేవాళ్ళూ కలిసి వెళ్తే కొండ మీద హోటల్ ఎలా చూసుకోవాలి?

మీ ప్రశ్న చదవగానే మా ఇంటి సంగతే గుర్తొచ్చిందండి. ‘ఫిబ్రవరిలో వారం రోజులు స్విట్జర్లాండ్ కొండల్లో ఉందామనుకుంటున్నాం, నేనూ మా అమ్మాయీ స్కీయింగ్ నేర్చుకుంటాం, మావారికీ అత్తగారికీ మంచులో నడక చాలు, హోటల్ ఎలా ఎంచుకోవాలి’ అని మీరు అడిగారు. అత్తగారు రోజంతా గదిలోనే ఉండిపోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందని కూడా రాశారు. మేమూ అలాగే నలుగురం వెళ్ళాం: నేను, మా ఆవిడ, పదకొండేళ్ళ మా అబ్బాయి, అరవై ఏడేళ్ళ మా అమ్మ. మొదటిసారి తప్పు చోట దిగాం. రెండేళ్ళ తర్వాత సరైన చోట దిగాం. రెండూ చూశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

హోటల్‌కి ఎన్ని స్టార్లు, స్విమ్మింగ్ పూల్ ఉందా, గది ఎంత పెద్దది అన్నవి తర్వాత చూసుకోండి. మధ్యాహ్నం పన్నెండున్నరకి మీరు స్కీల మీదా, అత్తగారు నడిచో రైలెక్కో, ఒకే బల్ల దగ్గరికి చేరగలరా లేదా అన్నది ముందు చూడండి. చేరగలిగితే ఆ వారం నలుగురిదీ అవుతుంది. లేకపోతే ఇద్దరిదే.

మొదటిసారి మేం దిగిన హోటల్ ఒక లోయ అడుగున ఉండేది. పేరెందుకు లెండి. వెబ్‌సైట్లో ‘లిఫ్ట్‌కి ఐదు నిమిషాలు’ అని రాశారు, లిఫ్ట్ అంటే స్కీయింగ్ చేసేవాళ్ళని వాలు పైకి తీసుకెళ్ళేది. అది బస్సులో ఐదు నిమిషాలట. బస్సేమో అరగంటకొకటి. భుజం మీద స్కీలు, కాళ్ళకి బండరాళ్ళలాంటి బూట్లు, కింద గడ్డకట్టిన రోడ్డు. పొద్దున్న ఎనిమిదిన్నరకి బయలుదేరితే మేం మళ్ళీ అమ్మ ముఖం చూసేది సాయంత్రం నాలుగున్నరకే. పైగా శీతాకాలంలో సూర్యుడు కిందనుంచే వెళ్తాడు కదా, లోయ అడుగున ఎండ పదకొండు దాటాక వచ్చేది, రెండింటికల్లా కొండ చాటుకి పోయేది. నడవడానికి కారు రోడ్డు పక్కన సన్నటి బాట తప్ప ఏమీ లేదు. నాలుగో రోజు అమ్మ ‘మీరు వెళ్ళిరండిరా, నాకిక్కడే బాగుంది’ అంది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

రెండోసారి వెంగెన్ వెళ్ళాం. మీలాంటి కుటుంబానికి నేను మొదట చెప్పే ఊరు అదే. సముద్రమట్టానికి 1,274 మీటర్ల ఎత్తున, లౌటర్‌బ్రున్నెన్ లోయకి పైన చదునైన గట్టు మీద ఉంటుంది. మామూలు కార్లు వెళ్ళే రోడ్డు లేదు. ఇంటర్‌లాకెన్ ఓస్ట్ స్టేషన్ నుంచి లౌటర్‌బ్రున్నెన్‌కి రైల్లో ఇరవై నిమిషాలు, అక్కడినుంచి పళ్ళపట్టాల రైల్లో పావుగంట లోపే. ఆ రైలు 1893 నుంచీ నడుస్తోంది. సామాను సంగతి ముందే హోటల్‌కి మెయిల్ చేశాం, స్టేషన్‌కి చిన్న బ్యాటరీ బండి పంపించారు. కార్లు లేని ఊరు కాబట్టి అమ్మ ఒక్కతే బయటికి వెళ్ళినా మాకు బెంగ లేదు. కింద లోయ నీడలో ఉన్నప్పుడు కూడా ఊళ్ళో ఎండ ఉండేది.

కొత్తవాళ్ళు స్కీయింగ్ నేర్చుకునే వాలు ఊరి మధ్యలోనే ఉంది. మొదటి రెండు రోజులు మా క్లాసులన్నీ అక్కడే. అమ్మ గట్టున బెంచీ మీద కూర్చుని మనవడు పడినప్పుడల్లా లేచి నిలబడేది. అక్కడ టీచర్లు పిల్లలకి ‘పిజ్జా’ అంటే స్కీల ముందు కొసలు దగ్గరికి తెచ్చి ఆగడం, ‘పొమ్మెస్’ అంటే రెండూ సమానంగా పెట్టి జారడం అని నేర్పుతారు. పొమ్మెస్ అంటే వాళ్ళ భాషలో వేయించిన బంగాళదుంప ముక్కలు. మూడో రోజుకి గట్టు మీద నుంచి అమ్మే ‘పిజ్జా పెట్టరా!’ అని అరుస్తోంది.

నాలుగో రోజు మేం రైల్లో 2,061 మీటర్ల ఎత్తున ఉన్న క్లైనె షైడెగ్‌కి వెళ్ళి అక్కడి తేలిక వాలు మీద జారాం. అమ్మ, ఆ రోజు స్కీయింగ్‌కి సెలవు పెట్టిన మా ఆవిడ, ఇద్దరూ ఊళ్ళోంచి కేబుల్ కార్‌లో మాన్‌లిషెన్ అనే కొండ ఎక్కారు. అక్కడినుంచి క్లైనె షైడెగ్ దాకా శీతాకాలంలో నడవడానికని మంచుని యంత్రంతో చదును చేసిన బాట ఉంటుంది. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కువగా దిగుడే, వెడల్పుగా ఉంటుంది. ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ మూడు శిఖరాలూ కనబడుతూనే ఉంటాయి. గంటన్నర నడక అన్నారు. అమ్మకి రెండున్నర గంటలు పట్టింది, పట్టనివ్వండి. మేం స్కీలు విప్పి వచ్చేసరికి స్టేషన్ పక్కన హోటల్ బయట బల్ల దగ్గర ఎండలో కూర్చుని, పక్క కుర్చీల మీద ఒకదానికి మఫ్లర్, ఒకదానికి చేతికర్ర పెట్టి మా చోట్లు ఆపి ఉంచింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. వేడివేడి సూప్ తాగుతూ దారంతా ఏం చూసిందో చెప్పింది. తర్వాత వాళ్ళు రైల్లో దిగిపోయారు, మేం మళ్ళీ వాలు మీదికి వెళ్ళాం.

నడిచేవాళ్ళు స్కీ పాస్ (స్కీయింగ్ చేసేవాళ్ళు లిఫ్టులకి కొనుక్కునే టికెట్) కొనక్కర్లేదు, రైలుకీ కేబుల్ కార్‌కీ వేరే టికెట్లు దొరుకుతాయి. పర్యాటకులు రైళ్ళకీ బస్సులకీ కొనుక్కునే స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే వెంగెన్ దాకా చెల్లుతుంది, ఆ పైకి మాత్రం డబ్బు కట్టాలి. గాలి ఎక్కువైతే కేబుల్ కార్ ఆపేస్తారు, అప్పుడు రైలే దిక్కు. అందుకే రైలూ కేబుల్ కారూ రెండూ ఉన్న ఊరు మేలంటాను.

శీతాకాలపు నడకదారులకి అక్కడ గులాబీ రంగు బోర్డులు పెడతారు. పసుపు బోర్డులు కూడా కనబడతాయి, అవి వేసవి దారులవి. మంచు కాలంలో వాటిని ఎవరూ చదును చేయరు, కింద ఏముందో తెలియదు, మంచు చరియలు జారే చోట్ల నుంచి కూడా పోవచ్చు. అత్తగారికీ మీవారికీ ‘గులాబీ బోర్డు ఉంటేనే నడవండి’ అని గట్టిగా చెప్పండి. స్కీ వాలు మీద నడవడం కూడా వద్దు. తప్పనిసరై నడవాల్సొస్తే పక్క అంచునే నడవాలన్నది అంతర్జాతీయ స్కీ సమాఖ్య నియమాల్లో ఉంది. దావోస్‌లోని మంచు పరిశోధన సంస్థ శీతాకాలంలో రోజూ సాయంత్రం 5కీ, పొద్దున్న 8కీ మంచు చరియల ప్రమాదస్థాయి చెబుతుంది. 1 నుంచి 5 దాకా అంకెలు. చాలా హోటళ్ళలో రిసెప్షన్ దగ్గర అడిగితే చెబుతారు. ఏ దారులు తెరిచారో కూడా పొద్దున్నే అక్కడే కనుక్కోవచ్చు.

ఇక మీ ఇద్దరి స్కీయింగ్. స్విట్జర్లాండ్‌లో వాలులకి నీలం, ఎరుపు, నలుపు రంగులు. నీలం తేలిక, నలుపు కష్టం. మొదటి వారం నీలంలోనే ఉండండి. స్కీలు, బూట్లు, హెల్మెట్ అన్నీ అద్దెకి దొరుకుతాయి. అద్దె షాపులో మీ బరువు ఎంతో దాచకుండా చెప్పండి, ఎందుకంటే పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడివచ్చే బిగింపుని బరువు, ఎత్తు, వయసు చూసే సరిచేస్తారు. తక్కువ చెబితే ఊరికే ఊడిపోతుంది, ఎక్కువ చెబితే ఊడాల్సినప్పుడు ఊడక మోకాలు మెలితిరుగుతుంది.

బూట్ల గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నేను ఒక రోజంతా దానికే పోగొట్టుకున్నాను. చలికి భయపడి రెండు జతల మేజోళ్ళు వేసుకుని, థర్మల్ ప్యాంటు కొసని కూడా బూటులోకి దోపేశాను. మధ్యాహ్నానికి మోకాలి కింద ముందు ఎముక మీద నిప్పు పెట్టినట్టు మంట. బూటు చిన్నదేమోనని అద్దె షాపుకి వెళ్తే, అక్కడి అతను పట్టీలు విప్పి, లోపల్నుంచి మడతపడ్డ గుడ్డ అంతా బయటికి లాగి నాకే చూపించాడు. ఎముక మీద ఆ మడత అచ్చు ఎర్రగా పడి ఉంది. ఒక్క పలచటి పొడుగాటి మేజోడు, దాని మీద బూటు, మధ్యలో ఇంకేమీ ఉండకూడదు. మడమని వెనక్కి రెండుసార్లు తాటించి అప్పుడు పట్టీలు పెట్టుకోండి. మర్నాడు అదే బూటు, నొప్పి లేదు.

హోటల్లో స్కీ గది ఉందా, అందులో బూట్లు ఆరబెట్టే వేడి గొట్టాలు ఉన్నాయా అని తప్పకుండా అడగండి. తడి బూటు రాత్రంతా చల్లగా ఉంటే పొద్దున్న ప్లాస్టిక్ బిగుసుకుపోయి కాలు దూరదు. ఆ గొట్టాల మీద నుంచి తీసిన బూటులో కాలు పెడితే వెచ్చగా, పొడిగా ఎంత హాయిగా ఉంటుందో!

భోజనం సంగతికొస్తే, హాఫ్ బోర్డ్ తీసుకోండి, అంటే టిఫినూ రాత్రి భోజనమూ హోటల్‌దే. రోజంతా మంచులో తిరిగొచ్చాక మళ్ళీ కోట్లు తొడుక్కుని బయట వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. శాకాహారులైతే బుకింగ్ అప్పుడే రాయండి, చేప కూడా తినరని విడిగా చెప్పండి. ఫాండ్యూ అనే చీజ్ వంటకంలో మామూలుగా వైట్ వైన్ కలుపుతారు, అత్తగారికి పట్టింపు ఉంటే ముందే అడగాలి. సానాలోకి, అంటే చెమట పట్టేలా కూర్చునే వేడి గదిలోకి, చాలాచోట్ల ఆడా మగా కలిసి, బట్టలు లేకుండా వెళ్ళడం అక్కడి పద్ధతి. పెద్దవాళ్ళూ, ఎదిగిన పిల్లా ఉన్నారు కాబట్టి ఇది తెలిసి వెళ్ళడం మంచిది. హీటర్ల వల్ల గదిలో గాలి పొడిబారి రాత్రి గొంతు ఎండిపోతుంది, తడి తువ్వాలు ఒకటి హీటర్ దగ్గర ఆరేసుకోండి. గది అద్దె కాక తలకి రోజుకి కొన్ని ఫ్రాంకులు టూరిస్ట్ ట్యాక్స్ ఉంటుంది.

బట్టలు అందరికీ తెలిసినవే: లోపల థర్మల్, మధ్యలో ఉన్ని, పైన గాలీ నీరూ దూరని జాకెట్. గ్లవ్స్ మాత్రం ఒక్కొక్కరికి రెండు జతలు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఊళ్ళో హాయిగా ఉందని పైకి పలచగా వెళ్ళకండి. ఎండని తక్కువ అంచనా వేయొద్దు. కొత్త మంచు అతినీల లోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది, కింది నుంచి కూడా ఎండ కొట్టినట్టే. సన్‌స్క్రీన్ గడ్డం కిందా, ముక్కు అడుగునా కూడా రాయాలి, నల్లకళ్ళద్దాలు అత్తగారికీ ఉండాలి.

ఇన్సూరెన్స్ కాగితంలో ‘స్కీయింగ్’ అన్న మాట విడిగా ఉందో లేదో చూడండి. వాలు మీద దెబ్బ తగిలితే కిందికి దింపిన ఖర్చు మనదే, హెలికాప్టర్ వస్తే అది చాలా పెద్ద బిల్లు.

ఫిబ్రవరి అంటే అక్కడ స్కూలు సెలవులు, గదులు త్వరగా అయిపోతాయి. వెంటనే రెండు మూడు హోటళ్ళకి మెయిల్ రాసి ఇవే అడగండి: మీ గుమ్మం నుంచి స్టేషన్‌కి నడక ఎంత, దారిలో మెట్లున్నాయా, బాటమీద మంచు రోజూ తీస్తారా, స్కీ గదిలో బూట్లు ఆరతాయా. సూటిగా నిమిషాల్లో జవాబిచ్చిన హోటల్ తీసుకోండి. అత్తగారికి బూట్ల మీద తొడుక్కునే ఇనుప ముళ్ళు ఒక జత, నడక కర్రలు రెండు ముందే కొని ఇంట్లోనే వేసుకుని చూడమనండి. మా అమ్మ మొదటి రోజు ఆ ముళ్ళు తొడగడానికి పావుగంట తంటాలు పడింది. వారం చివరికి నిలబడే తొడుక్కుంటోంది.