మందు మానేసిన భర్తతో వైన్ తోటల ఊరికి టూర్... వెళ్ళాలా వద్దా?

విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ పెద్ద ఉత్తరం రాసింది, కుదించి చెప్తాను. భర్తకి పోర్టులో ఉద్యోగం. పద్నాలుగు నెలల కిందట మందు మానేశారు, దానికి ముందు డీఅడిక్షన్ వార్డులో అడ్మిట్ అయ్యారు, శ్రీకాకుళంలో ఉన్న అత్తమామలకి మాత్రం పచ్చకామెర్లు అని చెప్పేశారు. ఇప్పుడు ఆస్ట్రేలియా పెర్త్‌లో ఉండే వదినగారు, అంటే ఆయన అక్క, అమ్మానాన్నల యాభయ్యేళ్ళ పెళ్ళిరోజుకి అందర్నీ రమ్మంటోంది. ఏప్రిల్ నెలాఖరులో పిల్లల సెలవులకి మార్గరెట్ రివర్ అనే వైన్ తోటల ఊళ్ళో ద్రాక్షతోట మధ్యలో పెద్ద ఇల్లు తీసుకుంటుందట. "వద్దంటే కోడలే చెడగొట్టింది అంటారు, సరే అంటే నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు, ఆయన దగ్గర ఈ మాట ఎత్తితే మళ్ళీ గుర్తు చేసినట్టవుతుందేమో, ఏం చెయ్యాలండీ" అని అడుగుతోంది.

చూడమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వదిన ఏమంది, అత్తయ్య ఏమనుకుంటారు, పిల్లలు ఎలా ఎగురుతున్నారు, టికెట్లు ఎంత, అన్నీ ఉన్నాయి. ఆయన ఏమన్నారో ఒక్క లైను లేదు. మానేసిందేమో ఆయన, మంచం మీద దొర్లుతున్నదేమో నువ్వు. గుర్తు చేసినట్టవుతుంది అంటున్నావు గానీ ఆయనకి గుర్తు లేకపోతే కదా నువ్వు గుర్తు చెయ్యడానికి, మందు మానేసినవాళ్ళకి ఆ సంగతి రోజూ గుర్తుంటుంది, వైన్ షాపు ముందు నుంచి బండి పోనిస్తున్నప్పుడు కూడా ఉంటుంది, మనం మాట్లాడకుండా ఉంటే వాళ్ళు ఒంటరిగా మొయ్యాల్సి వస్తుంది అంతే. కాబట్టి టికెట్లు, వీసా అన్నీ పక్కనపెట్టి ఈ ఆదివారం పిల్లల్ని ఎక్కడికైనా పంపించి ఆయన్ని కూర్చోబెట్టి అడుగు. "మీరు తాగేస్తారేమోనని భయంగా ఉంది" అని మొదలుపెట్టొద్దు, అది నమ్మకం లేదని చెప్పడమే. "అక్కడ చుట్టూ వైనే ఉంటుందట, మీకు ఎలా ఉంటుంది, వెళ్దామా, వెళ్తే ఎలా వెళ్దాం" అని అడుగు, అడిగాక కాసేపు నోరు కట్టుకో. ఇదే కష్టం, మన ఆడవాళ్ళకి మరీనూ.

ఆయన "నాకు ధైర్యంగా లేదు, ఇప్పుడొద్దు" అంటే అదే ఫైనల్. ఇంక బతిమాలొద్దు, పిల్లల మొహం చూపించొద్దు. వదిన కుటుంబాన్నే సంక్రాంతికి ఇక్కడికి రమ్మనొచ్చు, పెళ్ళిరోజు సింహాచలంలో దర్శనం చేయించి శ్రీకాకుళంలో భోజనాలు పెట్టుకోవచ్చు, మామయ్యగారికి అదే ఎక్కువ సంతోషం అయినా ఆశ్చర్యం లేదు. లేదా పెర్త్ వరకే వెళ్ళి రావచ్చు.

వెళ్దాం అంటే మాత్రం అప్పుడు ప్లానింగ్ మాట్లాడుకుందాం, ఇందులో నాకు కొంచెం వేరే అభిప్రాయం ఉంది. నువ్వు భయపడుతున్నది తోటల్ని చూసి. అక్కడ టేస్టింగ్ అంటే కౌంటర్ దగ్గర నిలబడి గ్లాసు అడుగున నాలుగు చుక్కలు పోసి ఇస్తారు, నచ్చకపోతే ఉమ్మెయ్యడానికి పాత్ర కూడా పెడతారు, పట్టపగలు, పక్కన పిల్లలు పరిగెత్తుతుంటారు. అసలు ప్రమాదం అది కాదు. సింగపూర్ ఎయిర్‌పోర్టులో డ్యూటీ ఫ్రీ షాపు, ఫ్లైట్‌లో ట్రాలీ, అన్నిటికన్నా ముఖ్యంగా పిల్లలు పడుకున్నాక వదిన ఇంటి పెరట్లో బార్బెక్యూ దగ్గర బావగారు "ఒక్క బీరే కదా బావా, ఇన్నేళ్ళకి కలిశాం" అనే ఆ అరగంట. తాగించేది తోటలు కాదమ్మా, మన మొహమాటం.

అందుకే అక్కడ ఒక్కరికైనా నిజం తెలియాలి, ఆ ఒక్కరు వదినే. చెప్పాల్సింది మాత్రం నువ్వు కాదు, ఆయన. తమ్ముడు అక్కకి ఫోన్ చేసి "అక్కా, నేను మానేశాను, అప్పుడు పచ్చకామెర్లు కాదు" అని చెప్తే అది ఒకలాగ ఉంటుంది, నువ్వు చెప్తే మా తమ్ముణ్ణి కోడలు బజారుకీడ్చింది అన్న కథ అవుతుంది. వదిన చదువుకున్నదీ, పదిహేనేళ్ళు అక్కడ ఉన్నదీ అన్నావు, ఆమెకి ఇది వింత కాదు. బావగారికి ఆమే చెప్పుకుంటుంది. అత్తమామలకి ఇప్పుడే చెప్పాలా అంటే, అది ఆయన ఇష్టం, తొందరేం లేదు.

మార్గరెట్ రివర్ అంటే వైనే అనుకోకు. అది పెర్త్‌కి దక్షిణంగా 270 కిలోమీటర్లు, కారులో మూడు గంటలు. సముద్రం ఒడ్డునే తోటలు, 1967లో ఒక గుండె డాక్టరు మొదటి వాణిజ్య తోట వేశాడు, దానికి ముందు అక్కడ ఎక్కువగా ఆవులూ అడవీనే. మనది తూర్పు తీరం కాబట్టి ఆర్కే బీచ్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, వాళ్ళది పడమటి తీరం కాబట్టి సముద్రంలోకే దిగుతాడు, పిల్లలకి అది చూపించు. వదినకి నువ్వు చెప్పాల్సిన మార్పు ఒక్కటే, తోట మధ్యలో ఇల్లు వద్దు, దానికి ఉత్తరాన ఉన్న బస్సెల్టన్‌లో తీసుకోమను. అక్కడ సముద్రం ప్రశాంతంగా ఉంటుంది, 1.8 కిలోమీటర్ల చెక్క జెట్టీ ఉంది, దాని మీద బుల్లి ట్రైన్ నడుస్తుంది, చివర నీళ్ళ అడుగుకి మెట్లు దిగి చేపల్ని చూడొచ్చు, అత్తయ్యకి కూడా నడక తక్కువ. "పెద్దవాళ్ళకి అదైతే వీలు" అని అడిగితే కారణం కూడా చెప్పక్కర్లేదు, అది అబద్ధం కూడా కాదు.

బొర్రా గుహలు చూసిన పిల్లలకి అక్కడి గుహలు కూడా నచ్చుతాయి. పెద్దవాళ్ళని మ్యామత్ కేవ్‌కి తీసుకెళ్ళండి, లేక్ కేవ్ అయితే మెట్లు మూడొందలు పైనే, మామయ్యగారి మోకాళ్ళతో అది వద్దు. కేప్ లీవిన్‌లో 1895 నాటి లైట్‌హౌస్ ఉంది, హిందూ మహాసముద్రం, దక్షిణ సముద్రం కలిసే చోటు అంటారు. స్నానాలకి మాత్రం లైఫ్‌గార్డులు పాతిన ఎర్ర పసుపు జెండాల మధ్యే దిగాలి, అలల సంగతి వైజాగ్ వాళ్ళకి నేను చెప్పాలా. ఏప్రిల్ నెలాఖరుకి అక్కడ ఎండ తగ్గి చల్లబడుతుంది, మే దాటితే వానలు, కాబట్టి పల్చటి స్వెట్టర్లు పెట్టుకోండి. 25వ తేదీ యాన్‌జాక్ డే, వాళ్ళకి సెలవు, ఇళ్ళు ముందే నిండిపోతాయి.

వదిన వాళ్ళు వైనరీకి వెళ్ళాలనుకుంటే వెళ్ళనీ, వాళ్ళ పండగ కూడా కదా. ఆ మధ్యాహ్నం ఆయన పిల్లల్ని తీసుకుని జెట్టీకి వెళ్ళొచ్చు. రెండో కారు అద్దెకి తీసుకోండి, ఖర్చు అని గింజుకోకు, "ఇక్కణ్ణించి వెళ్ళిపోదాం" అనిపించిన నిమిషంలో లేచి వెళ్ళగలగడం ఆయనకి చాలా పెద్ద బలం. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, సాయంత్రం చీకటి పడేవేళ కంగారూలు రోడ్డు మీదకి వస్తాయి కాబట్టి పగలే తిరగండి. రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉంటే కేసు, పోలీసులు ఎక్కడపడితే అక్కడ ఆపి ఊదిస్తారు, కాబట్టి "నేను డ్రైవింగ్" అంటే ఆ దేశంలో ఇంకెవరూ రెండోసారి బలవంతం చెయ్యరు. బావగారికి తప్ప మిగతా అందరికీ ఆ ఒక్క మాట చాలు.

ఇప్పుడు ముఖ్యమైనది. ఆయన ఇంకా డైసల్ఫిరామ్ మాత్ర, అంటే మందు తాగితే ఒంటికి పడకుండా చేసే మాత్ర, వేసుకుంటున్నారా లేదా నువ్వు రాయలేదు. వేసుకుంటుంటే అక్కడ తిండి విషయంలో కూడా జాగ్రత్త, వైన్ పోసి వండే సాసులు, కొన్ని స్వీట్లు, దగ్గు సిరప్‌లు కూడా పడవు, మొహం ఎర్రబడి వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. ఆపేసిన రెండు వారాల దాకా కూడా ఆ ప్రభావం ఉండొచ్చు. టూర్ కోసం సొంతంగా ఆపడం, మళ్ళీ మొదలుపెట్టడం రెండూ చెయ్యకూడదు, డాక్టరుగారిని కలిసి ప్రిస్క్రిప్షన్ కాగితం ఇంగ్లీషులో తీసుకెళ్ళండి. ఇంకోటి, ఎవరో ఒక పిన్నిగారు నీకు చెప్పే ఉంటుంది, కాఫీలో మాత్ర కలిపెయ్యమని. చచ్చినా చెయ్యకు. తెలియకుండా వేసి ఆయన ఒక్క గ్లాసు తాగితే ప్రాణం మీదకి వస్తుంది, బతికి బయటపడ్డా నీ చేతి కాఫీ ఇంక తాగరు.

అక్కడ ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, మందు మానేసినవాళ్ళు కలిసి కూర్చుని మాట్లాడుకునే మీటింగులు ఉంటాయి, ఆన్‌లైన్‌లో కూడా ఉంటాయి, ఇక్కడ వెళ్తున్నవాళ్ళయితే అక్కడ కూడా ఒకసారి వెళ్ళి కూర్చోవచ్చు. ఒకవేళ జారితే, జారొచ్చు, జరుగుతుంది, అత్తమామల ముందు గొడవ పెట్టకు, ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్ళయితే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళు, లేకపోతే ఆ రాత్రికి పడుకోనిచ్చి పొద్దున్న వదినతో కలిసి మాట్లాడు, ఇండియా డాక్టరుకి ఫోన్ చెయ్యి. పద్నాలుగు నెలలు గాల్లో కలిసిపోవు.

వీసా అదీ ఆన్‌లైన్‌లో ఇంటి దగ్గరే పెట్టుకోవచ్చు, మామయ్యగారికి 75 దాటి ఉంటే మెడికల్ అడుగుతారు, దానికి టైం పెట్టుకోండి. కరివేపాకు, పాలకోవా లాంటివి పెట్టెలో పెట్టొద్దు, ఆవకాయ సీసా అయినా సరే దిగే ముందు ఇచ్చే కార్డులో ఫుడ్ ఉంది అని రాయాలి, దాచి దొరికితే జరిమానా బాగా గట్టిగా వేస్తారు. అత్తయ్యకి ఇది ఇప్పట్నుంచే చెప్పడం మొదలుపెట్టు, నెల పడుతుంది.

చివర్లో నువ్వు రాసింది ఒకటి మిగిలిపోయింది, ఆయన ఇంటికి రాగానే నోరు వాసన చూస్తున్నానని, బండి డిక్కీ వెతుకుతున్నానని. నీ మీద కోపం లేదమ్మా, అన్నేళ్ళు చూసిన దానికి అలా అవుతుంది. కానీ పదిరోజులు పరాయి దేశంలో ఒకే ఇంట్లో అలా కాపలా కాస్తే నీకూ సెలవుండదు, ఆయనకీ ఊపిరాడదు. తాగుబోతుల కుటుంబాల కోసమే అల్-అనాన్ అని ఉంది, ఆన్‌లైన్‌లో కూర్చోవచ్చు. మనసు బాగోలేని రాత్రి 14416కి చెయ్యి, టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్ వాళ్ళది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. టికెట్లు బుక్ చేసేలోపు ఒకసారైనా చెయ్యి, ఆయనతో ఆదివారం మాట ఎలా నడిచిందో నాకు రాయి, అప్పుడు మిగతాది చూద్దాం.